పిడికిలి విప్పే పాఠం

మనసులో గాభరా మొదలైందని ముందుగా బయటపెట్టేవి చేతులే. నోరు "ఏం లేదు, బాగానే ఉన్నాను" అంటుంది. చేతులు ఊరుకోవు. ఒకరు మెటికలు విరుస్తారు. ఒకరు పెన్ను మీటను టిక్కు టిక్కుమని నొక్కుతూనే ఉంటారు. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్న అమ్మాయి చున్నీ కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుడుతుంది. స్కానింగ్ రిపోర్టు కోసం ఆస్పత్రి వరండాలో నిలబడ్డ పెద్దాయన భుజం మీది కండువాను నలిపి నలిపి పెడతాడు. చేతికి ఏదీ అందకపోతే కొరకడానికి గోళ్లు ఎలాగూ ఉన్నాయి.

ఇవన్నీ దురలవాట్లని చిన్నప్పటి నుంచి మనల్ని మందలిస్తూ వచ్చారు. "చేతులు కట్టుకుని కూర్చో" అనే మాట బడిలో వినని వాళ్లుండరు. నా అభిప్రాయం వేరు. చేతులు అడిగేది ఏదో ఒక పని. ఒకప్పుడు మన ఇళ్లలో ఆ పనికి కొదవ ఉండేది కాదు. దీపాలకు వత్తులు చేయాలి, మల్లెలు మాల కట్టాలి, చింతపండులో గింజలు తీయాలి, చిక్కుడుకాయలకు ఈనెలు తీయాలి. భక్తి సంగతి కాసేపు పక్కన పెడితే జపమాలలోని 108 పూసలు, తస్బీలోని 99 పూసలు కూడా వేళ్లకు నిదానమైన పనే. చైనాలో హెబెయ్ రాష్ట్రంలోని బావోదింగ్ నగరం అరచేతిలో తిప్పుకునే జంట ఇనుప గుండ్లకు పేరుమోసింది. గ్రీసు కాఫీ హోటళ్లలో మగవాళ్లు ఏ మంత్రమూ చదవకుండా ఊరికే పూసల దండ తిప్పుతూ కూర్చుంటారు.

ఇప్పుడు మన చేతిలో ఆ చోటును ఫోను ఆక్రమించింది. అది బొటనవేలికి పని పెడుతుంది, నిజమే. కానీ నొక్కిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంగతి తెచ్చి నెత్తిన వేస్తుంది. ఆఫీసు గ్రూపులో మెసేజో, ఎవరో కొన్న ఫ్లాటు ఫొటోనో, టీవీ వాళ్ల అరుపుల ముక్కో. చేతికి పని ఇచ్చి, మనసుకు కొత్త పని పెట్టని వస్తువు ఏదైనా ఉందా అంటే, ఉంది. చవకైనది, అరచేతిలో ఇమిడేది, చార్జింగ్ అక్కర్లేనిది: పిసికే బంతి.

చాలామంది ఈ బంతిని మొదటిసారి పట్టుకునేది రక్తదాన శిబిరంలో. అక్కడ దాని పని వేరు. పిడికిలి బిగిస్తూ వదులుతూ ఉంటే ముంజేతి కండలు రక్తాన్ని సిరల్లోకి నెడతాయి, సంచి సాఫీగా నిండుతుంది. అదే బంతి కంపెనీ పేరు అచ్చేయించుకుని ఆఫీసు బల్లల మీదికి వచ్చింది. పసుపుపచ్చ స్మైలీ బంతి లేని కాల్ సెంటర్ క్యూబికల్ అరుదు. పిల్లల దగ్గరికి మెత్తటి స్క్విషీలుగా, జెల్ నింపిన దిమ్మలుగా, టప్ టప్‌మని బుడిపెలు నొక్కే పాపిట్‌లుగా వచ్చింది. ఇన్ని చేతుల్లో ఉన్నా దాన్ని సరిగ్గా వాడేవాళ్లు తక్కువ. ఎక్కువమంది పిసకడం దగ్గరే ఆగిపోతారు. అసలు మేలు వదలడంలో ఉంది. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క సంగతి గురించే.

ముంజేతిలో ఏం జరుగుతుంది?

చిన్న పరీక్ష చేయండి. కుడిచేత్తో ఎడమ ముంజేతిని మోచేతికి కాస్త కింద పట్టుకుని, ఎడమ పిడికిలి గట్టిగా బిగించండి. బిగిసింది వేళ్లే అయినా, ఉబ్బింది ముంజెయ్యి. వేళ్లను ముడిచే పెద్ద కండలన్నీ అక్కడే ఉంటాయి. అక్కడి నుంచి తాళ్లలాంటి పట్టీలు మణికట్టు గుండా వేలి కొసల దాకా వెళ్తాయి. రోజంతా మౌస్ పట్టుకున్నవాళ్లకు, స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకు, అట్లకాడ పట్టుకున్నవాళ్లకు ఈ కండలు కొంచెం బిగిసే ఉంటాయి. ఆ బిగువు అలవాటైపోయి, అది ఉందన్న సంగతే తెలియదు.

మెదడులో చేతికి ఉన్న వాటా కూడా పెద్దది. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు, ఎడ్విన్ బోల్డ్రీతో కలిసి 1937లో ఒక పరిశోధన ప్రచురించాడు. ఆపరేషన్ సమయంలో మెలకువగా ఉన్న రోగుల మెదడు పైపొరను సన్నటి కరెంటుతో తాకుతూ, ఎక్కడ తాకితే ఒంట్లో ఏ భాగం స్పందిస్తుందో రాసుకున్నారు. ఆ లెక్క ప్రకారం మనిషి బొమ్మ గీస్తే నడుము, వీపు చిన్నవైపోయి పెదవులు, చేతులు భారీగా వస్తాయి. అరచేతిలో మెత్తటి వస్తువు పెట్టుకుంటే దృష్టి అంత తేలిగ్గా అక్కడికి వెళ్లడానికి ఇదొక కారణమని నేననుకుంటాను. అరికాలి కింద అదే బంతి పెట్టి చూడండి, హాయిగానే ఉంటుంది గానీ మనసు అంతసేపు నిలవదు.

ఇక వదలడం సంగతి. షికాగో వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో వెలువరించిన పుస్తకంలో కండరాల బిగువుకూ మనసు అలజడికీ ఉన్న లంకెను వివరించాడు. కండ పూర్తిగా సడలితే మనసు కూడా కొంత సర్దుకుంటుందని, సడలించడం అనేది నేర్చుకోవాల్సిన విద్య అని ఆయన వాదం. ఆయన పద్ధతి చాలా దీర్ఘమైనది, నెలల తరబడి సాధన కావాలి. తర్వాతివాళ్లు దాన్ని కుదించారు. 1973లో బెర్న్‌స్టైన్, బోర్కోవెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు రాసిన శిక్షణ పుస్తకం ఇప్పటికీ చికిత్సకులకు ఆధారం. అందులో ఒక్కో కండను 5 నుంచి 7 సెకన్లు బిగించాలి. తర్వాత 30, 40 సెకన్లు సడలిన స్థితిని గమనించాలి. ఆ సాధన మొదలయ్యేది ఎక్కడో తెలుసా? పిడికిలితో. వాటం చేతి పిడికిలి బిగించి వదలడమే మొదటి మెట్టు. యోగా తరగతిలో శవాసనానికి ముందు ఒళ్లంతా ఒకసారి బిగించి వదలమని చెప్పే గురువులున్నారు, వాళ్లూ ఇదే పట్టుకున్నారు.

ఆ అంకెలను మళ్లీ చూడండి. బిగించడానికి 5 సెకన్లు, సడలడానికి 30. మనం చేసేది దీనికి పూర్తిగా తలకిందులు: బంతిని పట్టుకుని అరనిమిషం కసకసా పిసికేసి బల్ల మీద పడేస్తాం.

ఎలా చేయాలి

కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోండి. బంతి పట్టుకున్న చేతిని ఒళ్లో పెట్టుకోండి, గాల్లో ఉంటే భుజం కూడా బిగుస్తుంది. మీ పూర్తి బలంలో సగంతో నొక్కండి. పళ్లు బిగుసుకుంటున్నాయంటే ఎక్కువ నొక్కుతున్నట్టే. లోపల అయిదు లెక్కపెట్టండి, ఊపిరి మాత్రం బిగబట్టకండి. అయిదు కాగానే ఊపిరి నెమ్మదిగా వదులుతూ వేళ్లను ఒక్కసారిగా కాకుండా మెల్లగా విప్పండి. బంతి దానంతట అదే ఉబ్బుతూ వేళ్లను పైకి నెట్టనివ్వండి. నెమ్మదిగా తన ఆకారానికి వచ్చే నురుగు బంతి మేలని చెప్పేది ఇందుకే. అది వదిలే వేగం మీకు కొలత అవుతుంది.

ఇప్పుడు ముఖ్యమైన భాగం. అరచేయి తెరుచుకుని, బంతి అందులో ఊరికే ఉంటుంది. మీరేమీ చేయకూడదు. వేలి కొసల్లో వెచ్చదనమో, చిన్న జలదరింపో, బరువో తెలుస్తుంది. దాన్ని గమనిస్తూ రెండు మూడు ఊపిరులు పోనివ్వండి. ఈ ఖాళీలో చేయి మళ్లీ బంతిని నొక్కాలని తొందర పడుతుంది. పడనివ్వండి, నొక్కకండి. ఒక్కో చేతికి మూడు నాలుగు సార్లు చాలు. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టదు.

మొదట్లో ఇదేదో పనిలేని పనిలా అనిపిస్తుంది. ఒత్తిడి తన్నుకొచ్చిన క్షణంలోనే మొదలుపెడితే నిలవదు కూడా. పొద్దున కాఫీ తాగాక, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఓ వారం రోజులు చేసి చూడండి. ఊపిరి వదలడమూ వేళ్లు విప్పడమూ జతపడ్డాక, క్లయింటు కాల్ మొదలయ్యే ముందు ఒక్కసారి చేసినా ఒళ్లు గుర్తుపడుతుంది.

కోపానికి వాడకండి

బంతిని చూడగానే చాలామందికి తట్టే ఉపయోగం కోపం తీర్చుకోవడం. మేనేజరు మొహాన్ని ఊహించుకుని నలిపేయడం. కోపం వెళ్లగక్కితే చల్లారుతుందనే నమ్మకం మనలో గట్టిగా ఉంది. ఈ నమ్మకాన్ని అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 600 మంది విద్యార్థుల మీద పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించాడు. వాళ్లు రాసిన వ్యాసాన్ని ముందు ఘోరంగా విమర్శింపజేసి కోపం తెప్పించారు. తర్వాత కొందరిని ఆ విమర్శకుణ్ణి తలుచుకుంటూ గుద్దుల సంచీని గుద్దమన్నారు. ఇంకొందరిని వ్యాయామం అనుకుంటూ గుద్దమన్నారు. మిగతావాళ్లను ఊరికే కూర్చోబెట్టారు. శత్రువును తలుచుకుంటూ గుద్దినవాళ్లకు కోపం తగ్గకపోగా అందరికంటే ఎక్కువగా నిలిచింది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లే మెరుగు.

2024లో బుష్‌మన్, సోఫీ కెర్విక్ కలిసి 154 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. పదివేల మందికి పైగా మనుషుల లెక్క అది. ఒంటిని ఉద్రేకపరిచే పనులు కోపాన్ని తగ్గించలేదు. ఊపిరి మీద ధ్యాస, కండలు సడలించడం, ధ్యానం వంటి ఒంటిని చల్లబరిచే పనులు తగ్గించాయి. కాబట్టి కోపంలో బంతి పట్టుకుంటే పగ తలుచుకుంటూ నలపకండి. విప్పడం దగ్గర ఎక్కువసేపు ఉండండి. అదీ చేతకాని రోజు బంతిని సొరుగులో పెట్టి మంచినీళ్లు తాగి రండి, నష్టమేమీ లేదు.

బాగా పనికొచ్చే చోట్లు

పారిపోలేని చోట, చేతులు ఖాళీగా ఉన్న చోట ఈ బంతి బాగా పనిచేస్తుంది. పంటి డాక్టరు కుర్చీ, రక్తపరీక్ష, విమానం పైకి లేచే నిమిషాలు, "దయచేసి లైన్లో ఉండండి" అని పాట వినిపించే ఫోన్ కాల్. ఇంగ్లండులో సర్రే విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన అధ్యయనం ఒకటి 2015లో వచ్చింది. మెలకువలో ఉండగానే వెరికోస్ వెయిన్స్‌కు ఆపరేషన్ చేయించుకున్న 398 మందిని కొన్ని గుంపులుగా విడదీశారు. కొందరికి సంగీతం, కొందరికి సినిమా, కొందరికి పక్కనే కూర్చుని కబుర్లు చెప్పే నర్సు, కొందరికి పిసికే బంతులు. బంతి పట్టుకున్నవాళ్లు మామూలు చికిత్స పొందినవాళ్లకంటే 18 శాతం తక్కువ ఆందోళన, 22 శాతం తక్కువ నొప్పి చెప్పారు. సంగీతం ఏ తేడా తేలేదు. నాకు ఇందులో నచ్చిన సంగతి ఇంకోటి ఉంది: ఆందోళన తగ్గించడంలో అన్నిటికంటే మిన్నగా నిలిచింది కబుర్లు చెప్పే నర్సు, 30 శాతం. పక్కన మనిషి ఉంటే ముందు మనిషితో మాట్లాడండి, బంతి తర్వాత.

ఆటగాళ్ల మీద కూడా ఒక ఆసక్తికరమైన ప్రయోగం ఉంది. జర్మనీలో యుర్గెన్ బెక్‌మన్, ఆయన సహచరులు ఫుట్‌బాల్, తైక్వాండో, బ్యాడ్మింటన్ ఆటగాళ్లను పరీక్షించి 2013లో రాశారు. కుడివాటం ఆటగాళ్లలో, ఒత్తిడిలో ఆడే ముందు ఎడమచేత్తో బంతి పిసికినవాళ్లు తడబడలేదు, కుడిచేత్తో పిసికినవాళ్లు తడబడ్డారు. అతిగా ఆలోచించే ధోరణి అలా తగ్గిందని వాళ్ల వివరణ. ఇది బాగా సాధన చేసిన కదలికలకు సంబంధించినది, లెక్కల పరీక్షకు ఇదే సాయం చేస్తుందని లాగకూడదు.

చదువుకునే పిల్లల విషయంలో నాది ఒకటే కొలబద్ద: ఆ బొమ్మను కళ్లు చూడాలా, అక్కర్లేదా? 2017లో ఫిడ్జెట్ స్పిన్నర్ల వెర్రి వచ్చినప్పుడు అవి ఏకాగ్రత పెంచుతాయని అమ్మారు. తిరిగే వస్తువును చూడకుండా ఉండటం పెద్దవాళ్లకే కష్టం. స్పిన్నర్ తిప్పుతూ వీడియో పాఠం విన్న విద్యార్థులకు పాఠం తక్కువ గుర్తుందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. పిసికే బంతిని బల్ల కింద ఒంటిచేత్తో, చూడకుండా, చప్పుడు లేకుండా వాడొచ్చు. పాపిట్ టపటపలు క్లాసుకు పనికిరావు, పక్కవాడి ప్రాణం తీస్తాయి.

గోళ్లు కొరికే అలవాటు ఉన్నవాళ్లకు బంతి మరో రకంగా ఉపయోగం. 1973లోనే నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ ఇద్దరూ ఇలాంటి అలవాట్లకు ఒక చికిత్స రూపొందించారు. చేయి నోటి దగ్గరికి వెళ్లబోతోందని గుర్తుపట్టడం మొదటి సగం. ఆ క్షణంలో దానికి అడ్డుపడే ఇంకో పని, ఉదాహరణకు పిడికిలి బిగించడం, కొద్ది నిమిషాలు చేయడం రెండో సగం. చేతిలో బంతి ఉంటే వేలు నోట్లోకి పోదు. కానీ మొదటి సగం లేకుండా బంతి కొనిపెట్టి "ఇక కొరకవద్దు" అంటే పిల్లలు ఎడమచేతిలో బంతి పట్టుకుని కుడిచేతి గోళ్లు కొరుకుతారు.

ఏది కొనాలి, ఏది వద్దు

మెత్తటి నురుగు బంతి పెద్దవాళ్లకు సరిపోతుంది. కొనేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకోండి. రంగుల డబ్బా తెరిచినట్టు ఘాటుగా వాసన వస్తే వెనక్కి ఇచ్చేయండి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో 12 స్క్విషీలను పరీక్షిస్తే అన్నింటి నుంచీ హానికరమైన రసాయనాలు గాల్లోకి వెలువడుతున్నట్టు తేలింది. మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. పేవ్‌మెంట్ మీద అమ్మే స్క్విషీల మీద ఆ ముద్ర వెతకండి, దొరకడం కష్టమని మీకే తెలుస్తుంది.

నీళ్లు పీల్చి ఉబ్బే రంగురంగుల గుళికలు నింపిన బంతులను పసిపిల్లలున్న ఇంట్లోకి రానివ్వకండి. బంతి చిరిగి గుళిక మింగితే అది పేగులో ఉబ్బి అడ్డుపడుతుంది. మామూలు ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించదు కూడా. జెల్ బొమ్మలు ఇంకా మెత్తబడతాయని మైక్రోవేవ్‌లో పెట్టి, అవి పగిలి కాలిన పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆ చిట్కా వీడియోలు మన పిల్లల ఫోన్లకూ వస్తాయి, ఒకసారి చెప్పి ఉంచండి.

ఇంట్లో చేసుకోవడం ఇంకా సులువు. మందపాటి బెలూన్లు రెండు తీసుకోండి. ఒకదాన్ని ఒకసారి ఊది గాలి వదిలేస్తే రబ్బరు సాగుతుంది. గరాటుతో బియ్యప్పిండి పోస్తూ, పుల్లతో కూరుతూ, నిమ్మకాయకు ఎక్కువ, బత్తాయికి తక్కువ అన్నంత నింపండి. లోపలి గాలి తీసి ముడివేయండి. రెండో బెలూన్ మెడ కత్తిరించి పైన తొడగండి. పిండి బంతి నొక్కిన ఆకారంలోనే ఉండిపోతుంది, వేళ్లను నెట్టదు, కాబట్టి దీనితో వేళ్లను మీరే మెల్లగా విప్పాలి. గింజల గరగర ఇష్టమైనవాళ్లు రాగులు పోసుకోవచ్చు. రబ్బరు పడనివాళ్లు బెలూన్ జోలికి పోకుండా మందపాటి నూలుగుడ్డలో రాగులు మూటకట్టి కుట్టుకోవాలి. పురుగు పట్టకముందే మార్చేయండి.

బీపీ ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. పిడికిలి గట్టిగా బిగించి పట్టి ఉంచితే ఆ కాసేపు రక్తపోటు పెరుగుతుంది. సగం బలం, ఊపిరి బిగబట్టొద్దు అని పైన చెప్పింది ముఖ్యంగా వాళ్లకోసమే. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా వేయించుకున్నవాళ్లకు డాక్టర్లు బంతి నొక్కమని చెబుతారు, అది సిర బలపడటానికి. వాళ్లు ఆ డాక్టరు చెప్పిన లెక్కే పాటించాలి. మణికట్టు తిమ్మిర్లు, వేలు పట్టేసే జబ్బు ఉన్నవాళ్లకు పిసకడం వల్ల నొప్పి పెరగవచ్చు. రోజంతా టైపు చేసేవాళ్లు అయిదు వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి వేళ్లను బయటికి చాపడం కూడా చేయాలి. ముడిచే కండలకు రోజూ పని దొరుకుతుంది, విప్పే కండలను ఎవరూ పట్టించుకోరు.

బంతి ఈఎంఐ కట్టదు. మార్కులు తేదు. అత్తాకోడళ్ల మధ్య రాజీ కుదర్చదు. ఆ సమస్యతో తలపడే ముందు ఒంటిని కాస్త కిందికి దించుతుంది, అంతవరకే. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం రెండు వారాలకు పైగా ఉంటే చేతిలో బంతి చాలదు. బతుకు మీద విరక్తి మాత్రం ఒక్కరోజు కలిగినా రెండు వారాల గడువు చూడకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

పరీక్ష హాల్లోకి, ఇంటర్వ్యూ గదిలోకి బంతిని తీసుకెళ్లలేరు గదా అని అడిగేవాళ్లుంటారు. నాలుగు వారాల సాధన తర్వాత బంతి అవసరం ఎలాగూ తగ్గుతుంది. జేబురుమాలు మడతపెట్టి పట్టుకున్నా చాలు. అదీ లేకపోతే బొటనవేలిని నాలుగు వేళ్ల లోపల పెట్టి బల్ల కింద మెత్తగా బిగించి, అయిదు లెక్కపెట్టి, ఊపిరితోపాటు విప్పండి. అరచేయి ఆకాశం వైపు ఉంచి రెండు ఊపిరులు ఆగండి. ప్రశ్నపత్రం తిరగేయడం ఆ తర్వాత.